మెండోటాకి ఏడాది, మన చెరువుకి ఒక్క రోజు

బావిలో ఈత నేర్చుకున్న వాళ్లెవరికైనా ఈ సంగతి ఒంటికి తెలుసు. మెట్టలో ఉన్న మా అమ్మమ్మగారి ఊళ్లో ఏప్రిల్ ఎండలకి దిగుడు బావిలో దూకితే పైన నీళ్లు గోరువెచ్చగా ఉండేవి. కాళ్లు ఆడిస్తూ నిలువునా తేలితే మోకాళ్ల కింద చల్లదనం మొదలయ్యేది. అడుగున వేసిన రాయి తెస్తానని పందెం కట్టి ఇంకో నిలువు లోతుకి మునిగితే ఒళ్లు జివ్వుమనేది. ఆ మార్పు మెల్లమెల్లగా వచ్చేది కాదు. గడప దాటి వేరే గదిలోకి అడుగుపెట్టినట్టు ఉండేది. ఎందుకని అడిగితే "కింద ఊట ఉందిరా" అనేవారు పెద్దవాళ్లు. ఊట ఉన్న మాట నిజమే. కానీ ఊట లేని చెరువులో, రిజర్వాయర్‌లో, ఎక్కడో అమెరికాలో ఉన్న సరస్సులో కూడా ఆ గడప ఉంటుంది.

ఆ గడప ఎలా ఏర్పడుతుందో, ఎప్పుడు చెరిగిపోతుందో తెలుసుకోవాల్సిన అవసరం నాకు రెండు వైపుల నుంచి వచ్చింది. నేను ఇప్పుడు ఉంటున్నది విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో. ఇంటి నుంచి పావుగంట నడిస్తే మెండోటా సరస్సు. సరస్సుల శాస్త్రం అమెరికాలో వేళ్లూనుకున్నది ఈ ఒడ్డునే. రెండోది, కైకలూరు వైపు మా బాబాయికి చేపల చెరువులు ఉన్నాయి. ఓ జూన్‌లో ఆయన ఫోన్ చేసి "ఒరేయ్, రాత్రి మంచి వాన పడింది. ఊరంతా చల్లబడిందని హాయిగా పడుకున్నాం. తెల్లారేసరికి బొచ్చె చేపలన్నీ తేలిపోయాయి. ఎవరో మందు కలిపారంటున్నారు" అన్నారు. ఆ గొంతు నాకు ఇంకా గుర్తుంది. మందు కలిపినవాళ్లు ఎవరూ లేరు. చెరువులో పొరలు ఒక్కసారిగా కలిసిపోయాయి, అంతే.

స్నానాల బకెట్‌తో మొదలుపెడదాం. సగం చన్నీళ్లు పట్టి, వాటి మీద కాగిన నీళ్లు మెల్లగా పోసి, చెయ్యి పెట్టి కలపకుండా చెంబు ముంచితే మొదటి చెంబుకే ఒళ్లు కాలుతుంది. చివరి చెంబులు మాత్రం చన్నీళ్లే. వేడి నీళ్లు తేలిక కాబట్టి పైన ఉండిపోతాయి. సరస్సు విషయంలో ఆ కాగు సూర్యుడు. ఎండలోని వేడి చాలావరకు పై మీటరు నీళ్లలోనే ఇంకిపోతుంది. నీరు వేడిని తనంతట తాను కిందికి చేరవేయడంలో చాలా మందకొడి. చెయ్యి పెట్టి కలిపే పని గాలిది. మజ్జిగ చిలికే కవ్వంలా గాలి పై నీటిని కదిపి కిందికి తోస్తుంది. అయితే తేలిక నీటిని బరువు నీటిలోకి తొయ్యాలంటే బలం కావాలి. ఎండ ఎంత తేడా తెచ్చింది, గాలికి ఎంత బలం ఉంది అన్న ఈ పోటీలోనే మిగతా కథంతా ఉంది.

ఇక్కడ నీటికి రెండు వింత గుణాలున్నాయి. మొదటిది స్కూల్లో చదువుకున్నదే. చాలా ద్రవాలు చల్లబడేకొద్దీ బరువెక్కుతూ పోతాయి. నీరు మాత్రం సుమారు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అత్యంత బరువుగా ఉండి, ఇంకా చల్లబడితే మళ్లీ తేలికవుతుంది. అణువులు మంచు గడ్డలో ఉండే వదులైన అల్లికకి అప్పటినుంచే సిద్ధమవుతుంటాయి కాబట్టి చోటు ఎక్కువ కావాలి. అందుకే గడ్డ కట్టడం పైనుంచి మొదలవుతుంది, మంచు తేలుతుంది, దాని కింద చేపలు బతుకుతాయి.

రెండోదాన్ని స్కూల్లో అంతగా చెప్పరు. మన ప్రాంతానికి అసలు కీలకం అదే. వేడి పెరిగేకొద్దీ, ఒక్క డిగ్రీ తేడాకి బరువులో వచ్చే తేడా కూడా పెరుగుతుంది. 4 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు నీటికన్నా 5 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు నీరు సుమారు 8 గ్రాములు తేలిక. అదే 29 నుంచి 30కి వెళ్తే ఆ తేడా దాదాపు 300 గ్రాములు. ఒకే డిగ్రీ, కానీ ముప్పై రెట్లకు పైగా తేడా. చలిదేశపు సరస్సులో పొరలు గట్టిగా నిలవాలంటే పైకీ కిందికీ పది డిగ్రీల తేడా కావాలేమో గానీ, మన చెరువులో రెండు మూడు డిగ్రీలు చాలు. "మాది వేడి ప్రాంతం, నీళ్లన్నీ ఒకేలా వెచ్చగా ఉంటాయి, పొరలెక్కడివి" అనుకోవడం అందుకే పొరపాటు.

ముందు మెండోటా ఏడాదిని చూద్దాం. అక్కడ అంతా నిదానంగా జరుగుతుంది కాబట్టి కంటికి బాగా ఆనుతుంది.

ఈ సరస్సు విస్తీర్ణం దాదాపు 40 చదరపు కిలోమీటర్లు, అత్యధిక లోతు 25 మీటర్లు. ఇక్కడి విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఎడ్వర్డ్ బర్జ్ 1890లలో పడవ మీద వెళ్లి, లోతు మారుస్తూ ఉష్ణోగ్రతలు కొలవడం మొదలుపెట్టాడు. నీళ్లలో తేలే సూక్ష్మజీవులు ఎక్కడెక్కడ ఉంటాయో చూడడం ఆయన అసలు ఉద్దేశం. అవి పై నీళ్లలో కిక్కిరిసి ఉండి, కొంత లోతు తర్వాత దాదాపు కనిపించకుండా పోయేవి. కారణం వెతుకుతూ పోతే ఆ గడప దొరికింది. మీటరు లోతుకి కనీసం ఒక డిగ్రీ చొప్పున చల్లబడే ఆ మధ్య పొరకి థర్మోక్లైన్ అని పేరు పెట్టింది ఆయనే. తర్వాత చాన్సీ జూడే ఆయనకి తోడయ్యాడు. ఇద్దరూ కలిసి దశాబ్దాల పాటు విస్కాన్సిన్ సరస్సులను కొలుస్తూనే ఉన్నారు. ఓపికగా తాడు దించి, పైకి లాగి, అంకె రాసుకునే పని అది. అలాంటి పనిమీద నాకు చాలా గౌరవం.

చలికాలంలో మెండోటా మీద మంచు పలక పరుచుకుంటుంది. మనుషులు దాని మీద నడుస్తారు, గుడారాలు వేసుకుని, రంధ్రాలు తొలిచి చేపలు పడతారు. పలకకి ఆనుకుని ఉన్న నీరు సున్నా దగ్గర, అడుగుకి పోయేకొద్దీ 4 డిగ్రీల వైపు. అంటే ఇక్కడ చల్లని నీరు పైన, కాస్త వెచ్చనిది కింద. బావికి పూర్తిగా తలకిందులు. మంచు మూత ఉన్నంతకాలం గాలి నీటిని తాకలేదు.

మార్చి చివర్లోనో ఏప్రిల్ మొదట్లోనో మంచు విడిపోతుంది. పై నీరు 4 డిగ్రీలకి చేరేసరికి పైనుంచి కిందిదాకా అంతా ఒకే బరువు. అప్పుడు గాలికి అడ్డు చెప్పే తేడానే ఉండదు. మామూలు గాలులు కూడా 25 మీటర్ల నీటిని మొత్తంగా తిరగదోడతాయి. అడుగున ఉన్న నీరు పైకొచ్చి గాలి పీల్చుకుని మళ్లీ దిగుతుంది. అడుగు బురద దగ్గరి దాకా ఆక్సిజన్ నిండుతుంది. ఏడాదిలో మొదటి ఊపిరి అది. 4 డిగ్రీల నీటిలో లీటరుకు 13 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడుతుంది కాబట్టి నిండుగా అందే ఊపిరి కూడా.

మే నెలలో ఎండ ముదురుతుంది. గాలి లేని నాలుగు రోజులు వరుసగా వస్తే చాలు, పై నీరు వేడెక్కి విడిపోతుంది. తర్వాత ఎంత గాలి వీచినా పై పొరనే కలుపుతుంది గానీ గడప కింద ఏమీ చేయలేదు. జూలైలో పైన 24, 25 డిగ్రీలు ఉంటే అడుగున పదో పన్నెండో డిగ్రీలే. ఈతకి దిగిన వాళ్లు పైనున్న వెచ్చదనం చూసి సరస్సంతా వేసవిలోకి వచ్చేసిందనుకుంటారు. కింద ఇంకా వసంతం నాటి నీరే ఉంది, ఆ రోజు పీల్చుకున్న ఆక్సిజన్‌తోనే కాలం వెళ్లదీస్తోంది.

ఆ నిల్వ తరుగుతుంది గానీ పెరగదు. పైన పెరిగిన నాచు, చచ్చిన సూక్ష్మజీవులు అన్నీ గడప దాటి కిందికి రాలుతుంటాయి. వాటిని కుళ్లబెట్టే బ్యాక్టీరియా ఆక్సిజన్‌ని వాడేస్తుంది. కిందికి వెలుగు సరిగ్గా చేరదు కాబట్టి అక్కడ నాచు పెరిగి ఆక్సిజన్ ఇచ్చే అవకాశమూ లేదు. చుట్టూ ఉన్న పొలాల ఎరువులు వానలకి కొట్టుకొచ్చే సరస్సు కావడంతో మెండోటాలో ఈ రాలిపడే సరుకు ఎక్కువ. వేసవి నడిమికల్లా లోతు నీళ్లలో ఆక్సిజన్ దాదాపు అయిపోతుంది. అప్పుడు రసాయనం కూడా మారిపోతుంది. అడుగు మట్టిలో ఇనుముతో అంటుకుని ఉన్న ఫాస్ఫరస్ ఊడి నీళ్లలో కలుస్తుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది.

సిస్కో అనే చేప ఉంది. దానికి చల్లని నీళ్లు కావాలి, ఆక్సిజన్ కూడా కావాలి. వేసవిలో దానికి పైన వేడి, కింద ఊపిరాడదు. మధ్యలో మిగిలిన పలుచని పట్టీలో ఇరుక్కుని బతుకుతుంది. 1987 వేసవిలో ఎండలు ఎక్కువై ఆ పట్టీ కూడా చాలక మెండోటాలో సిస్కోలు పెద్ద ఎత్తున చచ్చిపోయాయి. ఆ తర్వాత జరిగింది ఇంకా ఆశ్చర్యం. సిస్కోలకి మేత అయిన నీటి ఈగలు, అంటే నీళ్లలో తేలే చిన్న జీవులు, పెరిగాయి. అవి నాచుని మేసేశాయి. నీరు తేటపడింది. ఒడ్డున నిలబడి "అబ్బ, సరస్సు ఎంత శుభ్రంగా ఉందో" అనుకున్న వాళ్లకి ఆ తేటదనం వెనక ఏముందో తెలిసే వీలు లేదు.

ఇక నాకు ఇష్టమైన కాలం శిశిరానికి ముందు వచ్చే ఆ ఆరు వారాలు. పొరలు ఒక్క రోజులో కూలిపోతాయని చాలామంది అనుకుంటారు. నిజానికి సెప్టెంబర్ నుంచే ప్రతి రాత్రీ పై నీరు కొంచెం చల్లబడి, బరువెక్కి, తనకి సమానమైన నీరు తగిలేదాకా దిగుతుంది. గడప పైనుంచి అరిగిపోతూ కిందికి జరుగుతుంది. ఈ వారం పది మీటర్ల దగ్గర ఉన్నది ఇంకో వారానికి పన్నెండుకి, ఆ తర్వాత పదిహేనుకి. నది ఒడ్డు కోసుకుపోయినట్టు కోసుకుపోతుంది. పైనా కిందా మధ్య తేడా ఒకటి రెండు డిగ్రీలకి వచ్చాక అక్టోబర్‌లో ఓ గాలివాన రాత్రి మిగిలినదాన్ని పూర్తి చేస్తుంది. మర్నాడు కొలిస్తే పైనుంచి అడుగుదాకా ఒకే అంకె. నెలల తరబడి కింద దాచిపెట్టిన ఫాస్ఫరస్ పైకొచ్చేస్తుంది. అడుగుకి మళ్లీ ఊపిరి అందుతుంది. రెండు నెలలు చల్లబడుతూ, డిసెంబర్‌లో మళ్లీ మంచు మూత.

ఇలా ఏడాదికి రెండుసార్లు కలవడం మెండోటా పద్ధతి. అన్ని సరస్సులదీ ఇదే పద్ధతి కాదు. మంచు కట్టని, లోతైన నీళ్లు సాధారణంగా చలికాలంలో ఒక్కసారి కలుస్తాయి. వెచ్చని దేశాల రిజర్వాయర్లు చాలావరకు ఈ కోవలోవే. వాటిలోకి వచ్చే వరద, వాటిలోంచి వదిలే నీరు కూడా పొరల్ని కదుపుతుంటాయి. తాగునీటికి వాడే పెద్ద రిజర్వాయర్లలో నీళ్లు తోడే బురుజుకి వేర్వేరు ఎత్తుల్లో తలుపులు పెట్టేది ఇందుకే. అడుగు తలుపు తీస్తే వాసన, ఇనుము, మాంగనీసు కలిసిన నీళ్లొస్తాయి.

ఇప్పుడు బాబాయి చెరువు. లోతు ఆరడుగులు. ఇంత తక్కువ లోతులో పొరలేమిటి అంటారు. మెండోటా ఏడాదంతా చేసే పనిని ఈ చెరువు ఇరవైనాలుగు గంటల్లో చేస్తుంది.

పొద్దున్న ఏడింటికి పైనా కిందా ఒకటే వేడి. పదింటికల్లా ఎండ పైన ఒక అడుగు మందం నీటిని వేడి చేస్తుంది. నీళ్లు ఆకుపచ్చగా ఉంటాయి కాబట్టి వేడీ వెలుగూ పైనే ఆగిపోతాయి. మధ్యాహ్నం గాలి ఆగిపోతే పైన 34, కింద 30 డిగ్రీలు ఉండడం పెద్ద వింత కాదు. ఆ వేడిలో నాలుగు డిగ్రీల తేడా అంటే గట్టి మూతే. పైన నాచు ఎండకి ఆక్సిజన్‌ని విపరీతంగా తయారు చేస్తుంది. ఆక్సిజన్ మీటర్ పెడితే లీటరుకు 12 మిల్లీగ్రాములు చూపించినా చూపిస్తుంది. రైతు సంబరపడతాడు. అదే సమయంలో అడుగున, మిగిలిపోయిన మేత, పెంట కుళ్లే చోట, రెండు కూడా ఉండకపోవచ్చు. సాయంత్రం ఎండ తగ్గుతుంది. రాత్రి పై నీరు చల్లబడి దిగుతుంది. అర్ధరాత్రి దాటాక మొత్తం కలిసిపోతుంది. వసంతం, వేసవి, శిశిరం, అన్నీ ఒక్క రోజులో.

ఆ రాత్రి కలయికే చెరువుని కాపాడుతోంది. పగలు అడుగున పడిన ఆక్సిజన్ అప్పు ఏ రోజుది ఆ రోజు తీరిపోతుంటుంది. ప్రమాదం ఎప్పుడంటే రోహిణి కార్తెలో, గాలి స్తంభించి, రాత్రిళ్లు కూడా ఉక్కపోసినప్పుడు. పై నీరు సరిగ్గా చల్లబడదు, కాబట్టి దిగదు. అప్పు తీరదు. రెండు మూడు రోజులు అలా గడిస్తే అడుగున నల్లటి బురద, దాని మీద ఊపిరి లేని నీళ్లు. ఇదంతా పైకి కనిపించదు. పై నీళ్లలో చేపలు మామూలుగా మేత తింటూనే ఉంటాయి.

అప్పుడు మృగశిర వాన పడుతుంది. చల్లటి వాన నీరు, దాంతోపాటు ఈదురుగాలి. పై నీరు ఒక్కసారి చల్లబడి అడుగుకి దూకుతుంది. అడుగు నీళ్లు పైకి లేస్తాయి. మూడు రోజుల అప్పు ఒక్క రాత్రిలో చెరువంతా పంచుకోవాలి. బురదలోంచి లేచిన పదార్థం మిగిలిన ఆక్సిజన్‌ని కూడా లాగేస్తుంది. పైగా చీకటి, నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకునే వేళ. మర్నాడు ముసురు పట్టి మబ్బు వీడకపోతే, తిరిగి తయారయ్యే దారి కూడా మూసుకుపోతుంది. 30 డిగ్రీల నీటిలో నిండుగా పట్టే ఆక్సిజనే లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములు, మెండోటా వసంతంలో ఉండేదాంట్లో ఇంచుమించు సగం. వేడికి చేపల ఆకలీ బ్యాక్టీరియా ఆకలీ రెండూ ఎక్కువ. అంటే చిన్న కొట్టు, పెద్ద ఖర్చు. అందుకే మెండోటా అడుగు ఖాళీ కావడానికి వారాలు పడితే బాబాయి చెరువుకి ఒక రాత్రి చాలింది. తెల్లవారుజామున చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే అప్పటికే ఆలస్యమైనట్టు. పెద్ద చేపలు ముందు పోతాయి.

రొయ్యల చెరువుల్లో ఇంకో చిక్కు. అక్కడ నీళ్లు ఉప్పన. భారీ వాన పడితే మంచినీరు ఉప్పునీటి మీద మూతలా పరుచుకుంటుంది. ఉప్పు వల్ల వచ్చే బరువు తేడా ముందు వేడి వల్ల వచ్చే తేడా చాలా చిన్నది. ఈ మూత రాత్రి చల్లదనానికి కూడా లొంగదు. వానయ్యాక అనుభవమున్న రైతులు తూము దగ్గర పై పలకలు తీసి పైనీళ్లు బయటికి వదిలేది ఇందుకే.

నీళ్లని చిలికి గాలి కలిపే యంత్రాలు, ఏరేటర్లు, వాటి విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. వాటిని రాత్రి ఆక్సిజన్ కోసమే అనుకుంటాం, కరెంటు బిల్లుకి భయపడి పగలు ఆపేస్తాం. మధ్యాహ్నం పై నీళ్లలో ఆక్సిజన్ పట్టేదానికన్నా ఎక్కువగా ఉంటుంది. ఆ మిగులు గాలిలోకి పోతుంది. రెండు, మూడు గంటల వేళ కాసేపు తిప్పితే అదే మిగులు అడుగుకి చేరుతుంది, మూత గట్టిపడదు. ఇది రోజూ చేయాల్సిన పని. నాలుగు రోజులు ఉక్కపోసి, అడుగు చెడిపోయాక ఒక్కసారిగా అన్ని ఏరేటర్లూ తిప్పితే మృగశిర వాన చేసిన పనినే మనం చేతులారా చేసినట్టవుతుంది.

ఎప్పటికీ పూర్తిగా కలవని సరస్సులు కూడా ఉన్నాయి. ఆఫ్రికాలోని టాంగన్యీకా లోతు సుమారు 1,470 మీటర్లు. ఒకటి రెండు వందల మీటర్ల కింద ఆక్సిజన్ లేదు. పైకీ అడుగుకీ వేడిలో తేడా మూడు నాలుగు డిగ్రీలకు మించదు, కానీ అది 23 డిగ్రీలకు పైనున్న వెచ్చని నీరు కాబట్టి ఆ కాస్త తేడానే తాళం వేసేసింది. దానికంటే లోతైన బైకాల్, 1,642 మీటర్లు, అడుగుదాకా ఆక్సిజన్‌తో నిండి ఉంటుంది. అక్కడి లోతు నీరంతా 4 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది, బరువుల్లో తేడా లేనట్టే. లోతు కాదు, వేడి తీర్పు చెబుతోంది. కామెరూన్‌లోని న్యోస్ సరస్సు అడుగున అగ్నిపర్వతపు కార్బన్ డయాక్సైడ్ కలవకుండా పేరుకుపోయి, 1986 ఆగస్టు 21 రాత్రి ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చింది. నిద్రలో ఉన్నవాళ్లు ఉన్నట్టే, సుమారు 1,700 మంది చనిపోయారు. 2001 నుంచి అక్కడ అడుగు దాకా గొట్టాలు దించి ఆ వాయువుని కొద్దికొద్దిగా బయటికి వదులుతున్నారు.

భూమి వేడెక్కుతుంటే ఈ లెక్కలన్నీ ఒకవైపే మొగ్గుతున్నాయి. మెండోటా మంచు రికార్డులు 1850ల నుంచి ఉన్నాయి. అప్పటితో పోలిస్తే మంచు నిలిచే కాలం ఇంచుమించు నెల రోజులు తగ్గింది. పొరలు ముందే ఏర్పడి, ఆలస్యంగా విడిపోతే అడుగు నీరు ఊపిరి బిగబట్టాల్సిన రోజులు పెరుగుతాయి. యూరప్‌లోని జెనీవా సరస్సు 310 మీటర్ల లోతు. 2012 చలికాలంలో అడుగుదాకా కలిసింది. ఆ తర్వాత పదేళ్లు దాటినా చలి చాలక మళ్లీ పూర్తిగా కలవలేదు. 393 సరస్సుల కొలతలతో 2021లో వచ్చిన ఒక అధ్యయనం, 1980 నుంచి పై నీళ్లలో ఆక్సిజన్ 5.5 శాతం, లోతు నీళ్లలో 18.6 శాతం తగ్గిందని తేల్చింది. పైన తగ్గడానికి కారణం తేలికే, వెచ్చని నీటిలో ఆక్సిజన్ తక్కువ పడుతుంది. లోతున మూడింతలకు పైగా తగ్గడానికి ముఖ్య కారణం ఆ మూత, అది బలపడడం, ఎక్కువకాలం నిలవడం.

బొచ్చెలు పోయిన ఆ ఏడాది తర్వాత బాబాయి తన ఆక్సిజన్ మీటర్ వైరుకి రెండు చోట్ల ఎర్ర టేపు చుట్టారు. ఒకటి ఒక్క అడుగు లోతుకి, ఇంకోటి అయిదడుగుల లోతుకి. మధ్యాహ్నం మూడింటికి, తెల్లవారి నాలుగింటికి రెండు లోతుల్లోనూ కొలిచి, మేత లెక్కల పుస్తకంలో పక్కపక్కన రాయిస్తారు. రెండు అంకెల మధ్య దూరం పెరుగుతోందంటే, వాన ఇంకా రాకముందే ఆ రోజు మేత సగానికి తగ్గిస్తారు. నాకు ఫోన్ చేసినప్పుడు ముందు ఆ రెండు అంకెలు చెప్పి, తర్వాత "మీ సరస్సు గడ్డ కట్టిందా?" అని అడుగుతారు.